మీకు తెలుసా? కామెర్లు, కాలేయం, ఆకుమందులు

నేల ఉసిరి ఫిలడెల్ఫియా దాకా వెళ్లింది

తొలకరి పడగానే పొలం గట్ల మీద, పెరట్లో, గోడ పగుళ్లలో ఎవరూ నాటకుండానే మొలిచే మొక్క నేల ఉసిరి. జానెడు ఎత్తు ఉంటుంది. ఆకుల అడుగున వరసగా ఆవగింజంత కాయలు కాస్తాయి. కామెర్లు అనగానే మన ఊళ్లలో చాలామందికి మొదట గుర్తొచ్చే మొక్క ఇదే. దీన్ని అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పరీక్షించిన శాస్త్రవేత్త ఎవరో తెలుసా? హెపటైటిస్-బి వైరస్ జాడను మొట్టమొదట పట్టుకున్న బారుక్ బ్లంబర్గ్. వైరస్‌ను కనిపెట్టినందుకు ఆయనకు 1976లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఏటా జులై 28న ప్రపంచ హెపటైటిస్ దినం జరుపుతున్నారంటే అది ఆయన పుట్టినరోజు కాబట్టే.

మద్రాసు వైద్య పరిశోధకులూ బ్లంబర్గ్ బృందమూ కలిసి చేసిన పరీక్ష ఫలితాలు 1988లో 'లాన్సెట్' పత్రికలో అచ్చయ్యాయి. హెపటైటిస్-బి వైరస్‌ను చాన్నాళ్లుగా ఒంట్లో మోస్తున్నవాళ్లకు నేల ఉసిరి పొడిని నెల రోజులు ఇచ్చారు. మందు తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ ఆనవాలు కనిపించకుండా పోయింది. మందు లేని ఉత్తుత్తి మాత్రలు మింగిన 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. అంటే ఒకవైపు 59 శాతం, మరోవైపు 4 శాతం. పెద్దవాళ్లలో ఈ ఆనవాలు తనంతట తాను పోవడం ఏడాదికి నూటికి ఒకరి విషయంలో జరిగితే గొప్ప. కాబట్టి ఆ ఫలితం ప్రపంచమంతటా వైద్యుల చెవుల్లో పడింది.

తర్వాత వేరే దేశాల్లో అదే పరీక్ష మళ్లీ చేశారు. ఆ ఫలితం రాలేదు. దొరికిన పరీక్షలన్నీ కలిపి 2011లో కాక్రేన్ సంస్థ సమీక్షించి, హెపటైటిస్-బికి ఇది పనిచేస్తుందని నమ్మడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. తేడా ఎక్కడొచ్చింది? నేల ఉసిరి పేరుతో అమ్మే మొక్కల్లో చూపుకి ఒకేలా ఉండే జాతులు మూడు నాలుగున్నాయి. నేల మారితే, కోసే కాలం మారితే, పొడికి బదులు కషాయం తీస్తే లోపలి రసాయనాల పాళ్లు మారిపోతాయి. ఒక మొక్కను పరీక్షించి ఇంకో మొక్కకు తీర్పు చెప్పే ప్రమాదం మూలికా వైద్యంలో ఎప్పుడూ ఉంటుంది. అయినా ఒక మంచి ఫలితాన్ని పట్టుకుని వేలాడకుండా, మళ్లీ మళ్లీ పరీక్షించి చూసిన ఆ పద్ధతి మీద నాకు గౌరవం.

మన గడ్డ మీద తయారైన జవాబు

హెపటైటిస్-బికి గట్టి జవాబు మొక్క నుంచి రాలేదు, టీకా నుంచి వచ్చింది. తొలి టీకా పద్ధతిని రూపొందించిందీ బ్లంబర్గే, సహచరుడు ఇర్వింగ్ మిల్‌మన్‌తో కలిసి. 1990ల మధ్య వరకూ మన దేశంలో దొరికిన దిగుమతి టీకా సామాన్యుడి జేబుకి అందేది కాదు. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 'శాన్‌వాక్-బి' తెచ్చింది. జన్యు సాంకేతికతతో మన దేశంలో తయారైన మొదటి హెపటైటిస్-బి టీకా అది. దాన్ని నడిపించినవారు వరప్రసాద్ రెడ్డి. కాన్పు సమయంలో తల్లి నుంచి ఈ వైరస్ అంటుకున్న పసిబిడ్డల్లో నూటికి 90 మందికి అది జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక అంటుకుంటే నూటికి అయిదుగురికి కూడా అలా జరగదు. పుట్టిన 24 గంటల్లోపు మొదటి మోతాదు వేయించమని చెప్పేది అందుకే.

పసరు తాగితే కామెర్లు తగ్గినట్టు ఎందుకుంటుంది?

ఇది కాస్త నిదానంగా చెప్పుకోవాల్సిన సంగతి. మన దగ్గర వచ్చే కామెర్లలో పెద్ద వాటా హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ వైరస్‌లది. కలుషితమైన నీళ్ల వల్ల, తిండి వల్ల వస్తాయి. ముందు జ్వరం, వికారం, తిండి సయించకపోవడం. కళ్లు పచ్చబడేసరికి రోగం చాలామందిలో సగం దారి దాటేసి ఉంటుంది. కళ్లు పచ్చబడ్డాక గదా పసరు కోసం పరుగెత్తేది! మరో రెండు మూడు వారాల్లో శరీరమే వైరస్‌ను వదిలించుకుంటుంది. పసరు తాగినవాడికీ తగ్గుతుంది, తాగనివాడికీ తగ్గుతుంది. పేరు మాత్రం పసరుకి వస్తుంది.

కామెర్ల పసరు చెప్పేవాళ్లు ఊరికొకరు ఉంటారు. ఆముదపు లేతాకు, గుంటగలగర, నేల ఉసిరి నూరి మేకపాలలోనో మజ్జిగలోనో కలిపి పరగడుపున ఇస్తారు. వాళ్లలో చాలామంది డబ్బు కూడా పుచ్చుకోరు. ఎదుటి మనిషికి మేలు చేస్తున్నామన్న నమ్మకంతోనే ఇస్తారు, ఆ మంచితనాన్ని నేను తక్కువ చేయను. పైగా వాళ్లు చెప్పే పత్యంలో నిఖార్సయిన మేలు ఒకటుంది: కల్లు, సారా ముట్టొద్దంటారు. దెబ్బతిన్న కాలేయానికి అంతకు మించిన సాయం లేదు.

చిక్కు ఎక్కడంటే, కామెర్లు రోగం కాదు, రోగం బయటికి కనబడే గుర్తు. పిత్తనాళంలో రాయి అడ్డుపడినా కళ్లు పచ్చబడతాయి. ఎలుకల మూత్రంతో కలిసిన నీళ్ల ద్వారా వచ్చే లెప్టోస్పైరా జ్వరంలోనూ అంతే. క్షయ మందులు పడకపోయినా, ఎర్ర రక్తకణాలు చిట్లిపోతున్నా, క్లోమంలో కేన్సర్ గడ్డ పెరుగుతున్నా మొదట కనిపించేది ఇదే పసుపు రంగు. వీటిలో ఏ ఒక్కటీ పసరుతో తగ్గేది కాదు. పసరు తాగుతూ గడిపిన మూడు వారాలు ఈ రోగుల విషయంలో తిరిగిరాని మూడు వారాలు.

గర్భిణికి కామెర్లు వస్తే మరీ భయం. ఏడో నెల దాటాక హెపటైటిస్-ఇ సోకితే వందలో ఇరవై పాతిక మంది దాకా ప్రాణాలు పోగొట్టుకున్న సందర్భాలున్నాయి. గర్భిణి కళ్లు పచ్చబడితే ఆ రోజే ఆసుపత్రి. మగత కమ్మినా, మాట తడబడినా, పగలు నిద్ర రాత్రి మెలకువ అయినా, చిగుళ్ల నుంచి రక్తం కారినా, పొట్ట ఉబ్బినా ఎవరికైనా సరే అదే మాట. ఇక కామెర్లకని చేతి మీద వాత పెట్టించుకోవడం ఇప్పటికీ కొన్నిచోట్ల జరుగుతోంది. కాలేయానికి దానివల్ల ఒరిగేది సున్న, మిగిలేది కాలిన పుండు.

ఎలుకకు ముందు మందు, తర్వాత విషం

"ఫలానా ఆకు కాలేయాన్ని కాపాడుతుందని పరిశోధనలో తేలింది" అని తరచూ చదువుతుంటాం. ఆ పరిశోధన ఎలా చేస్తారో తెలుసా? ఎక్కువసార్లు ఎలుకకు కొన్ని రోజులు ఆకు సారం తాగిస్తారు. ఆ తర్వాత కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే రసాయనాన్నో, మోతాదు మించిన పారాసిటమాల్‌నో ఇచ్చి కాలేయాన్ని దెబ్బతీస్తారు. సారం తాగిన ఎలుకల్లో, తాగని ఎలుకల్లో రక్తపరీక్షలు చేసి తేడా చూస్తారు.

ఈ రెండు విషాలూ నేరుగా చంపవు. కాలేయంలోని ఎంజైములే వాటిని విరగ్గొట్టి ఇంకా ప్రమాదకరమైన ముక్కలుగా మారుస్తాయి. ఆ ముక్కల్ని అణచిపెట్టేది కాలేయంలో నిలవుండే గ్లూటాథయోన్. అది అయిపోతే కణాలు చస్తాయి. ఆకు సారం గ్లూటాథయోన్‌ను నిలబెట్టినా, ఆ ఎంజైము జోరు తగ్గించినా ఎలుక బతుకుతుంది. కాబట్టి ఈ ప్రయోగాలు అబద్ధాలు కావు. కానీ మనిషి ముందు మందు తాగి ఆ తర్వాత విషం మింగడు. దెబ్బ తగిలాక వస్తాడు. పదేళ్లుగా మద్యంతో, కొవ్వుతో, వైరస్‌తో నలిగిన కాలేయంతో వస్తాడు. వందల కొద్దీ మొక్కలు ఎలుక దగ్గర పాసై మనిషి దగ్గర ఆగిపోవడానికి ముఖ్య కారణం ఇదే.

పారాసిటమాల్ మోతాదు మించితే ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు ఎన్-ఎసిటైల్ సిస్టీన్. గ్లూటాథయోన్‌ను తిరిగి నింపడమే దాని పని. మింగిన ఎనిమిది గంటల్లోపు ఇస్తే దాదాపు అందరూ బయటపడతారు. ఈలోపు ఇంట్లో ఏ ఆకూ నూరుతూ కూర్చోకూడదు.

విషపు పుట్టగొడుగుకు ముళ్ల మొక్క

మధ్యధరా తీరాల్లో పెరిగే మిల్క్ థిస్టిల్ ముళ్ల మొక్క. ఊదారంగు పువ్వు, ఆకుల మీద పాలు ఒలికినట్టు తెల్లని చారలు. దీని గింజల నుంచి తీసే సిలిమారిన్‌ను 1968లో జర్మనీలోని మ్యూనిక్ పరిశోధకులు విడదీశారు. మన మందుల షాపుల్లో కాలేయానికని అమ్మే మాత్రల్లో చాలావాటిలో ఉండేది ఇదే.

ఐరోపా అడవుల్లో డెత్ క్యాప్ అనే పుట్టగొడుగు ఉంది. ఒక్కటి తిన్నా ప్రాణం పోవచ్చు, ఉడికించినా విషం చావదు. ఆ విషం కాలేయ కణంలోకి దూరి కొత్త ప్రొటీన్ల తయారీనే ఆపేస్తుంది. సిలిమారిన్‌లోని సిలిబినిన్ ఆ విషం కణంలోకి దూరే తలుపునే మూసేస్తుంది. ఐరోపా ఆసుపత్రుల్లో ఈ విషానికి సిలిబినిన్‌ను నరంలోకి ఎక్కిస్తారు. మొక్క నుంచి వచ్చిన ఒక పదార్థం, తెలిసిన ఒక విషం, తెలిసిన ఒక ద్వారం. మూలికా వైద్యం ఇంత కచ్చితంగా కుదిరిన సందర్భాలు అరుదు.

అదే సిలిమారిన్‌ను దీర్ఘకాల హెపటైటిస్-సి రోగులకు ఇచ్చి చూసిన అమెరికా పరీక్ష 2012లో వెలువడింది. 154 మందికి 24 వారాలు, మామూలు కంటే చాలా ఎక్కువ మోతాదుల్లో ఇచ్చినా కాలేయ ఎంజైములు ఉత్తుత్తి మాత్రల కంటే ఎక్కువేమీ తగ్గలేదు. హాని మాత్రం కనబడలేదు. హెపటైటిస్-సికి ఇప్పుడు పన్నెండు వారాల మాత్రలున్నాయి, నూటికి 95 మందికి వైరస్ పూర్తిగా పోతుంది. వాటిని వదిలి సిలిమారిన్ మీద ఏళ్లు గడపడం నాకు బాధ కలిగించే విషయం.

కటుకరోహిణిని తవ్వేస్తున్నాం

పచారీ మందుల కొట్లో కటుకరోహిణి అడిగితే నల్లని చిన్న వేరు ముక్కలు పొట్లం కట్టిస్తారు. అది హిమాలయాల్లో చాలా ఎత్తున పెరిగే మొక్క వేరు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ దాని నుంచి 'పిక్రోలివ్' అనే సారాన్ని తీసి ఏళ్లపాటు పరిశోధించింది. వేరు కావాలంటే మొక్కను పెకలించాల్సిందే. అందువల్ల అడవిలో తరిగిపోతూ వచ్చింది. 1997 నుంచి అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ ఉన్న మొక్కల జాబితాలో ఉంది.

నేలవేము చేదు వెనక

నాలుక మీద వేస్తే గంట వరకూ చేదు వదలని మొక్క నేలవేము. ఆ చేదంతా ఆండ్రోగ్రఫొలైడ్ అనే పదార్థానిది. ఒంట్లో మంట, వాపు, ఎరుపు, వేడి పుట్టించే జన్యువుల్ని ఒక్కసారిగా మేల్కొలిపే ప్రొటీన్ ఒకటుంది, ఎన్ఎఫ్-కప్పా-బి అంటారు. ఆండ్రోగ్రఫొలైడ్ దానికి అతుక్కుని పని చేయనివ్వదు. ఇది ప్రయోగశాలలో అణువు స్థాయి వరకూ తేలిన విషయం. బెంగాల్‌లో దీన్ని కాలమేఘ్ అంటారు, పసిపిల్లల కాలేయానికి మంచిదని తరతరాలుగా పట్టేవారు. తమిళనాడులో డెంగీ, చికున్ గన్యా కాలంలో ప్రభుత్వమే నిలవేంబు కషాయం పంచింది. థాయ్‌లాండ్‌లో కోవిడ్ రోజుల్లో సర్కారు ఆసుపత్రుల్లో వాడారు. అయితే తీవ్రమైన ఎలర్జీ వచ్చిన కేసులు నమోదయ్యాయని ఆస్ట్రేలియా మందుల నియంత్రణ సంస్థ హెచ్చరించింది. చేదుగా ఉంటే మందే అనుకోవడం తగదు.

పసుపు: కూరలో ఒక తీరు, మాత్రలో ఒక తీరు

పసుపు మన నేల పంట. నిజామాబాద్, దుగ్గిరాల మార్కెట్ల పేర్లు దేశమంతా తెలుసు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. గాయానికి పసుపు పెట్టడం మీద 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం పేటెంటు పుచ్చుకుంది. మన శాస్త్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్, అప్పట్లో మాషేల్కర్ నాయకత్వాన, పాత గ్రంథాలతో పాటు 1953 నాటి భారతీయ వైద్య పత్రిక వ్యాసాన్ని కూడా సాక్ష్యంగా పెట్టి పోరాడింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. ఆ అనుభవంతోనే మన సంప్రదాయ విజ్ఞానానికి డిజిటల్ గ్రంథాలయం పుట్టింది.

పసుపులో మంటను తగ్గించే గుణం కర్‌క్యుమిన్‌ది. పసుపు పొడిలో అది నూటికి మూడు పాళ్లు, అటూ ఇటూగా. చెంచాడు పసుపు మూడు గ్రాములనుకుంటే కర్‌క్యుమిన్ వంద మిల్లీగ్రాములకు మించదు. పైగా నీళ్లలో కరగదు. పేగు నుంచి రక్తంలోకి చేరిన ఆ కాస్తనూ కాలేయం చూడగానే పట్టుకుని, చక్కెర అణువు తగిలించి బయటికి పంపేస్తుంది. పేగులో అరిగినదాంట్లో చాలా భాగం ఒంట్లోకి పోయే ముందు కాలేయం గుండానే వెళ్లాలి. అది దాని కాపలా.

1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు ఒక సంగతి బయటపెట్టారు. రెండు గ్రాముల కర్‌క్యుమిన్‌తో పాటు మిరియాల్లోని పైపెరిన్ కేవలం 20 మిల్లీగ్రాములు ఇస్తే రక్తంలోకి చేరే కర్‌క్యుమిన్ ఏకంగా 2000 శాతం పెరిగింది. కాలేయం చేసే ఆ పట్టి పంపే పనిని పైపెరిన్ అడ్డుకోవడమే కారణం. ఈ పరిశోధన తర్వాత ప్రపంచమంతటా పసుపు మాత్రల్లో మిరియాల సారం చేర్చడం మొదలైంది. ఒక్కో మాత్రలో అయిదు వందల మిల్లీగ్రాముల సారం, అందులో 95 శాతం కర్‌క్యుమిన్, మీదట పైపెరిన్. కాపలావాణ్ణి పక్కకు తప్పించి, వంటింట్లో ఎన్నడూ వాడని మోతాదుని లోపలికి పంపడం ఇది.

ఫలితం? కీళ్ల నొప్పులకు, కాలేయ రక్షణకు మింగిన పసుపు మాత్రలే కొందరి కాలేయాన్ని దెబ్బతీశాయి. అమెరికాలో మందుల వల్ల కాలేయం పాడైన కేసుల్ని నమోదు చేసే పరిశోధక బృందం 2022లో అలాంటి పది మంది వివరాలు ప్రచురించింది. ఒకరు చనిపోయారు. వాళ్లలో ఏడుగురికి హెచ్ఎల్ఏ-బి 35:01 అనే ఒకే జన్యు గుర్తు ఉంది. గ్రీన్ టీ సారం మాత్రలతో కాలేయం చెడినవాళ్లలోనూ ఇదే గుర్తు ఎక్కువగా కనిపిస్తుంది. ఇటలీ పసుపు మాత్రల మీద హెచ్చరిక ముద్రించమంది. ఆస్ట్రేలియా 2023లో వైద్యుల్ని అప్రమత్తం చేసింది.

దీనితో వంటలో పసుపు మానేయాలా అంటే అక్కర్లేదు. పప్పులో వేసే చిటికెడు పసుపు వేరు, సారం తీసి చిక్కబరిచిన మాత్ర వేరు. ఎవరికి ఆ జన్యు గుర్తు ఉందో ముందుగా చూసుకోలేం కాబట్టి మాత్రల జోలికి వైద్యుణ్ణి అడగకుండా పోకపోవడమే మేలు. మూర్ఛకు ఫెనిటాయిన్ వాడుతున్నవాళ్లు, రక్తపోటుకు ప్రొప్రనొలాల్ వాడుతున్నవాళ్లు పైపెరిన్ ఉన్న మాత్రల విషయంలో మరీ జాగ్రత్త పడాలి. ఆ మందుల మోతాదు కూడా రక్తంలో పెరిగిపోతుంది.

తిప్పతీగ కషాయం

కోవిడ్ రెండేళ్లలో రోగనిరోధక శక్తి పేరిట తిప్పతీగ తాగని ఇల్లు తక్కువ. 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి గురించి రాశారు. మరుసటి ఏడు దేశంలోని 13 ఆసుపత్రుల నుంచి 43 మంది వివరాలు వెలువడ్డాయి. రోగనిరోధక వ్యవస్థే కాలేయం మీదికి తిరగబడిన లక్షణాలు వాళ్లలో కనిపించాయి. ఎక్కువమంది కషాయం మానేశాక కోలుకున్నారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దీన్ని ఒప్పుకోలేదు, అచ్చం అలాగే ఉండే వేరే జాతి తీగను పొరబాటున వాడి ఉండొచ్చని అంది. ఆ వాదన నిజమే అయినా పెరటి తీగను గుర్తుపట్టడంలో పొరబాటుకి అంత వీలుందన్నదీ నిజమే. థైరాయిడ్, సొరియాసిస్ వంటి ఆటోఇమ్యూన్ జబ్బులున్నవారు, ముందే కాలేయ జబ్బున్నవారు తిప్పతీగకు దూరంగా ఉండాలి.

సామల్లో కలిసిన గింజలు

మొక్కలు కాలేయాన్ని కాపాడటమే కాదు, ఊళ్లకు ఊళ్లనే మంచాన పడేసిన సంఘటనా ఉంది. దాని గుట్టు ఛేదించింది మన హైదరాబాద్ శాస్త్రవేత్తలే. 1970ల్లో నాటి మధ్యప్రదేశ్‌లోని, నేటి ఛత్తీస్‌గఢ్‌లోని సర్గుజా జిల్లాలో గిరిజనులకు ఉన్నట్టుండి పొట్టలు ఉబ్బి నీరు చేరడం, మరణాలు మొదలయ్యాయి. వాళ్ల తిండి సామలు. జాతీయ పోషకాహార సంస్థ బృందం ఆ ధాన్యంలో గిలిగిచ్చ జాతి కలుపు మొక్క గింజలు కలిసి ఉండటాన్ని గమనించింది. ఆ గింజల్లోని పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు కాలేయంలోని సన్నని సిరల్ని పూడ్చేస్తాయి. సహజమైనది గనక మేలే చేస్తుందన్న మాటకు సర్గుజా కంటే పెద్ద జవాబు లేదు.

మంటకు మొక్కలు ఇచ్చిన మందులు

కాలేయం సంగతి అలా ఉంచితే, ఒంటి వాపును, మంటను తగ్గించడంలో మొక్కల చేయి నిజంగానే పెద్దది. ఆస్పిరిన్‌కు మూలం విల్లో చెట్టు బెరడు. అందులోని సాలిసిన్‌ను 1828లో విడదీశారు, 1897లో బేయర్ కంపెనీ రసాయనవేత్త హాఫ్‌మన్ దానికి దగ్గరి ఆస్పిరిన్‌ను శుద్ధంగా తయారు చేశాడు. అదెలా పనిచేస్తుందో 1971లో గానీ తెలియలేదు. చెప్పిన జాన్ వేన్‌కు 1982లో నోబెల్.

మన అడవుల్లోని అందుగు చెట్టు జిగురులోని బాస్వెల్లిక్ ఆమ్లాలు వేరే దారిలో, 5-లైపాక్సిజనేజ్ అనే ఎంజైమును ఆపి వాపు తగ్గిస్తాయి. మోకాళ్ల నొప్పుల మీద జరిగిన చిన్న పరీక్షల్లో కొంత ఊరట కనిపించింది.

అన్నిటికన్నా ఆశ్చర్యం అగ్నిశిఖది. తమిళనాడు రాష్ట్ర పుష్పం. దుంప కాస్త తిన్నా ప్రాణం పోవచ్చు. అందులోని కాల్చిసిన్‌ను గౌట్ నొప్పికి వైద్యులు మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు. వాపు ఉన్నచోటికి తెల్లకణాలు కదిలి వెళ్లకుండా ఆపుతుంది. గుండెపోటు ముప్పు తగ్గించడానికి రోజుకి అర మిల్లీగ్రాము వాడవచ్చని 2023లో అమెరికా అనుమతి ఇచ్చింది. తమిళనాడు రైతులు ఈ గింజల్ని పొలంలో పండించి ఎగుమతి చేస్తారు. మందుకీ విషానికీ మధ్య దూరం ఇందులో వెంట్రుకవాసి. ఇంటి వైద్యంలో దీనికి చోటు లేదు.

అతిమధురం గురించి ఒక్క మాట. దాని గ్లిసిరైజిన్‌ను జపాన్‌లో దశాబ్దాలుగా దీర్ఘకాల హెపటైటిస్‌కు ఇంజెక్షన్‌గా ఇస్తున్నారు. గొంతుకని రోజూ నమిలేవారు మాత్రం గుర్తుంచుకోవాలి: ఎక్కువైతే పొటాషియం పడిపోయి రక్తపోటు పెరుగుతుంది.

కాలేయానికి మేలు చేసే కషాయం మీ ఇంట్లోనే ఉంది

అది కాఫీ. కాల్చిన గింజను వేడి నీళ్లతో వడగట్టి తాగుతున్నామంటే మొక్క సారం తాగుతున్నట్టే. బ్రిటన్‌లో దాదాపు అయిదు లక్షల మందిని పదేళ్లకు పైగా గమనించిన అధ్యయనం 2021లో వెలువడింది. కాఫీ తాగేవాళ్లలో దీర్ఘకాల కాలేయ జబ్బులు 21 శాతం, వాటివల్ల మరణాలు 49 శాతం తక్కువ. కెఫీన్ తీసేసిన కాఫీ తాగినా తేడా కనబడింది. ఇది గమనించి చూసిన లెక్కే గానీ మందిచ్చి చేసిన పరీక్ష కాదు. అయినా ఎన్నో దేశాల్లో ఇదే ధోరణి రావడం వల్ల కాలేయ వైద్యులు దీన్ని గట్టిగానే పట్టించుకుంటున్నారు. మన అరకు లోయ గిరిజన రైతుల అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రోజుకి రెండు మూడు కప్పులు, చక్కెర తక్కువగా. ఇష్టం లేనివాళ్లు మందనుకుని మొదలుపెట్టనక్కర్లేదు.

ఇప్పుడు పట్నం, పల్లె తేడా లేకుండా కనిపిస్తున్నది కొవ్వు పట్టిన కాలేయం. దానికి ఏ ఆకు సారం చేయలేని పని బరువు తగ్గడం చేస్తుంది. ఒంటి బరువులో పదో వంతు తగ్గితే కాలేయంలో మంట చల్లారుతుంది, మచ్చలు సైతం కొంత వెనక్కి తగ్గుతాయి. 80 కిలోల మనిషికి ఎనిమిది కిలోలు.

కళ్లు పచ్చబడితే

ముందు రక్తపరీక్ష చేయించండి: బిలిరుబిన్, ఎస్‌జీపీటీ, రక్తం గడ్డకట్టే సమయం, హెపటైటిస్-బి, సి. 2018 జులైలో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద బి, సి పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. ఏ పసరు తాగారో, ఏ పొడి, ఏ లేహ్యం, ఏ మాత్ర వాడుతున్నారో వైద్యుడికి దాచకుండా చెప్పండి. "అది మందు కాదు, ఆకే కదా" అని వదిలేయకండి. ఆ డబ్బానో ఆ ఆకునో వెంట తీసుకెళ్లి చూపించండి.